గాయం మాన్పే చదువుకు గడువు పెడితే ఎలా?

వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1939లో మేమీ ఫిప్స్ క్లార్క్ అనే నల్లజాతి విద్యార్థిని, బడికింకా వెళ్లని నల్లజాతి పిల్లల్లో తమ గురించిన ఎరుక ఎలా ఏర్పడుతుందన్న అంశంపై మాస్టర్స్ థీసిస్ రాశారు. భర్త కెనెత్ క్లార్క్‌తో కలిసి ఆ తర్వాత ఆమె, నల్ల, తెల్ల బొమ్మల్లో ఏది నచ్చిందని పిల్లల్ని అడిగి చేసిన ప్రయోగాలకు అదే పునాది. బడుల్లో వర్ణ విభజన చెల్లదంటూ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కెనెత్ క్లార్క్ పరిశోధనను ఉటంకించింది. అంతటి పనికి పునాది వేసిన మేమీకి 1943లో కొలంబియాలో డాక్టరేట్ వచ్చాక కూడా చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. చివరకు తండ్రి ఇచ్చిన అప్పుతో, 1946లో హార్లెంలో పిల్లల కోసం నార్త్‌సైడ్ కేంద్రాన్ని భార్యాభర్తలే తెరుచుకున్నారు.

జాతి వివక్ష మనసుకు చేసే గాయాన్నీ, ఆ గాయం నుంచి మనుషులు కోలుకునే తీరునూ అధ్యయనం చేసే యువ మనస్తత్వ పరిశోధకులను చూస్తుంటే, దారి వాళ్లే తవ్వుకోవాలన్న పద్ధతి ఇంకా మారలేదనిపిస్తుంది. చదువు, శిక్షణ, ప్రచురణలు అన్నీ లెక్కలోకి తీసుకున్నా, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ప్రధాన గ్రాంటు దక్కే అవకాశం నల్లజాతి శాస్త్రవేత్తలకు తెల్లవారికన్నా 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ తేడాలో ఐదో వంతుకు పైగా వాళ్లు ఎంచుకునే పరిశోధనాంశాల వల్లే వస్తోందని 2019లో మరొకటి చెప్పింది. అంటే జనం మధ్యకు వెళ్లి చేసే పరిశోధనకే డబ్బు తక్కువగా అందుతోంది.

నా దృష్టిలో అసలు చిక్కు కాలానిది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు నల్లజాతి రోగులను మోసగించి, చికిత్స అందకుండా చేసి నడిపిన సిఫిలిస్ అధ్యయనాన్ని నల్లజాతి సమాజం మరచిపోలేదు, మరచిపోవాల్సిన అవసరమూ లేదు. అలాంటి చోట ఒక చర్చిలోనో క్షౌరశాలలోనో మొదటి ఏడాదంతా ఊరికే కూర్చుని, వాళ్లు చెప్పేది వింటూ, నమ్మకం సంపాదించుకుంటే తప్ప సర్వే ప్రశ్నావళి చేతికివ్వడం సాధ్యం కాదు. ఆ ఏడాదిలో పేపరేమీ రాదు కాబట్టి, టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, సంపాదించుకోవాల్సిన ఆరేడేళ్ల గడువులో దాన్ని ఖాళీగానే లెక్కగడతారు. పైగా వివక్ష గురించిన ప్రతి కమిటీలోనూ, బాధపడుతున్న ప్రతి విద్యార్థి పక్కనా కూర్చోవాల్సింది ఆ కొత్త అధ్యాపకురాలే. ఈ భారాన్ని 1994లోనే మనస్తత్వవేత్త అమాదో పదియా ‘సాంస్కృతిక పన్ను’ అన్నారు. పేపరు పంపితే, తెల్లవారితో పోలిక ఏదని సమీక్షకులు అడుగుతారు. తెల్లవారిపై చేసిన అధ్యయనాలను అలా అడిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

2025లో ఉన్న గ్రాంట్లకే కత్తెర పడింది. వైవిధ్యం, సమానత్వం పేరుతో ముడిపడిన ఎన్‌ఐహెచ్ గ్రాంట్లెన్నో రద్దయ్యాయి. ఆ రద్దులు చట్టవిరుద్ధమని జూన్‌లో బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి అన్నా, ఆగస్టులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాటిని అమలు కానిచ్చింది. నాలుగు గ్రాంట్లున్న సీనియర్ ప్రొఫెసర్ ఒకటి పోతే తట్టుకుంటారు. ఉన్న ఒక్కటీ పోయిన పరిశోధకురాలు ప్రయోగశాల మూసుకోవాలి, తన దగ్గర మనసు విప్పిన మనుషులకు ఇక రానని చెప్పుకోవాలి. ఆ రెండో సంగతే నన్ను ఎక్కువగా కలచివేస్తోంది.

అందుకే విశ్వవిద్యాలయాలు ఇలాంటివారికి టెన్యూర్ గడువు పొడిగించాలి, గ్రాంటు ఆగిన ఏడాది జీతాలు నిలబెట్టాలి, సమాజం మధ్య చేసిన పనిని సేవ ఖాతాలో కాకుండా పరిశోధన ఖాతాలో రాయాలి.

దీన్ని పరాయి గొడవ అనుకునే మనవాళ్లకు ఒక మాట. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో, మా దేశం వదిలి పొమ్మంటూ జరిపిన కాల్పుల్లో కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయినప్పుడు, బయట తెలుగులో మాట్లాడొద్దని పిల్లలకు చెప్పుకున్న ఇళ్లున్నాయి. ఆ భయం ఎవరిలో ఎలా తగ్గిందో, ఎవరిలో ఇంకా మిగిలే ఉందో తీరిగ్గా కూర్చుని వినగలిగేది ఈ పరిశోధకులే. మహాసభల వేదికలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, అమెరికాలోని మన తెలుగు సంఘాలు డాక్టరేట్ తర్వాత ఇలాంటి పరిశోధన చేసే ఒక పోస్ట్‌డాక్‌కు ఒక ఏడాది జీతం ఇవ్వగలవు. వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. బలపరచగలిగినవారు ముందుగా తెలియజేస్తే సంతోషిస్తాను.