అంట్లు తోమడం కాదు, మెయింటెనెన్స్

ముందుగా ఒక అపోహ తొలగించాలి. రాత్రి పదిన్నర వేళ నేను లుంగీ పైకి మడిచి కట్టి, చేతిలో అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో వంటింటి సింకు ముందు నిలబడి కనిపిస్తే, అంట్లు తోముతున్నానని అనుకోకూడదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఒక్క చెంచా కూడా తోమలేదు, ఆ రికార్డుకు ఇంతవరకు భంగం కలగలేదు. నేను చేసేది డిష్‌వాషర్ మెయింటెనెన్స్. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా చాలా సూక్ష్మమైనది. మా ఇంట్లో ఎవరికీ అది అందలేదు కాబట్టి పాఠకులకైనా విన్నవించుకోవడం నా బాధ్యత.

మిషను మా ఇంటికి వచ్చిన సందర్భం చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టిన రోజుల్లో మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు వాళ్లు పనిమనుషులను గేటు దాటి రానివ్వలేదు. మూడో రోజున మా ఆవిడ సింకులో పేరుకున్న గుట్టను చూసి, తర్వాత నన్ను చూసి, మళ్లీ గుట్టను చూసింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఆ చూపు తిరిగిన దారిని బట్టి ప్రమాదం ఎటునుంచి వస్తోందో నాకు అర్థమైంది. దుకాణాల మీద ఆంక్షలు సడలగానే డిష్‌వాషర్‌కు ఆర్డరు పెట్టాను. నాలాగే పసిగట్టిన భర్తలు నగరంలో చాలామంది ఉన్నట్టున్నారు, సరుకు చేరేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు మా సింకు దగ్గర ఏం జరిగిందన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

యంత్రం పుట్టుపూర్వోత్తరాలు కూడా నేను చదివాను. మెయింటెనెన్స్ చేసేవాడికి చరిత్ర తెలిసి ఉండాలి. పళ్లేల మీదికి నీళ్లను బలంగా చిమ్మి కడిగే పద్ధతిని పనికొచ్చే రూపంలోకి తెచ్చింది అమెరికాలో జోసెఫీన్ కాక్రేన్ అనే ఆవిడ. 1886లో పేటెంటు తీసుకుంది. పనివాళ్లు కడిగేటప్పుడు తన పింగాణీ పళ్లేల అంచులు విరిగిపోతున్నాయన్నది ఆవిడ బాధ అని చెబుతారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ యంత్రం నలుగురి కంటా పడింది. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే వివేకానందుడు ప్రసంగించాడు. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది జరిగిన రెండు సంగతుల్లో మనవాళ్లు ఒకదాన్ని గుండెల్లో పెట్టుకున్నారు. రెండోది గుర్తుకు రావడానికి పనిమనిషి రాకుండా పోవాల్సి వచ్చింది.

ఇక మిషను గృహప్రవేశం. పెళ్లయిన కొత్తలో అత్తవారింట నాకు జరిగిన మర్యాద నాకు బాగా గుర్తుంది. దీనికి జరిగింది దానికి నాలుగింతలు. దీనికంటూ వేరే నల్లా, వేరే పదహారు ఆంపియర్ల ప్లగ్గు, వేరే సబ్బు, వేరే ఉప్పు, ఆఖరున గ్లాసులు తళతళలాడటానికి ఇంకో ద్రవం. కొత్త అల్లుడు వడ్డించిన విస్తరిలో ఇది తినను, అది తినను అన్నట్టు దీనికి కొన్ని పట్టింపులు. ఇత్తడి, రాగి ముట్టదు, పెడితే మెరుపు పోగొట్టి ఇస్తుంది. హిండాలియం పెడితే క్షారం ఎక్కువున్న సబ్బు తగిలి నల్లబడుతుంది. కర్ర పప్పుగుత్తి నెర్రెలు విచ్చుతుంది. ఏళ్ల తరబడి నూనె తాగి నునుపెక్కిన ఇనుప అట్లపెనం ఒక్క విడతలో ఆ నునుపంతా పోగొట్టుకుని మర్నాటికి తుప్పు పడుతుంది. కుక్కరు మూత, వెయిటు, రబ్బరు చేత్తోనే కడగాలి. 

అప్పుడే ఊరినుంచి వచ్చిన మా అత్తగారు ఈ జాబితా అంతా ఓపికగా విన్నారు.

"మరి ఇది ఏం తోముతుంది బాబూ?"

"స్టీలు కంచాలు, గాజు గ్లాసులు, గిన్నెలు, చెంచాలండీ."

"అవి నీళ్లు పోస్తే పోతాయి కదా."

పెద్దవారితో వాదించడం సంస్కారం కాదు. పనిమనిషి మళ్లీ రావడం మొదలుపెట్టాక మిషనును చూసి మొదట కంగారుపడింది. తర్వాత సింకు వైపు చూసింది, అది ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఆమె మనసు కుదుటపడింది. జీతం తగ్గించమనే ధైర్యం మాకూ లేకపోయింది.

ఉప్పు సంగతి నిదానంగా చెప్పాలి. హైదరాబాదులో డిష్‌వాషర్ పెట్టుకున్నవాడి బతుకంతా అందులోనే ఉంది. ఈ నగరం కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీటిని వందల అడుగుల లోతునుంచి బోరు తోడినప్పుడు కాల్షియం, మెగ్నీషియం కూడా కరిగి పైకొస్తాయి. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే గతి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మా బోరు నీళ్లు ఆ రెండో అంకెను కూడా ఖాతరు చేయలేదు. నల్లా నీళ్లు వంటకు, తాగడానికి. మిషను వాటాకు వచ్చేది బోరు, ఎండాకాలమైతే ట్యాంకరు.

మా అపార్ట్‌మెంటులో ప్రతి మగవాడి దగ్గరా ఒక టీడీఎస్ మీటరు ఉంటుంది. లిఫ్టులో కలిస్తే క్షేమసమాచారాల కన్నా ముందు ఆ అంకెలే చెప్పుకుంటాం. అయితే టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవాటన్నిటి మొత్తం. మిషను అడిగేది అందులో కాఠిన్యం ఎంత అని. అది తెలియక మొదటి మూడు నెలలు ఉప్పు సెట్టింగును ఫ్యాక్టరీలో పెట్టినచోటే ఉంచాను. గాజు గ్లాసులన్నీ ఒళ్లంతా విభూతి పూసుకుని బయటికి వచ్చేవి. చుట్టాలకు వాటిలో మజ్జిగ ఇస్తే, తాగకముందే తాగేసిన గ్లాసులా కనిపించేది.

మిషను అడుగున రెజిన్ పూసలు నింపిన గది ఉంటుంది. నీళ్లు దాని గుండా వెళ్లేటప్పుడు పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతాయి. పట్టగలిగినంత పట్టాక ఇక వాటివల్ల కాదు. అప్పుడు మిషను ఉప్పునీళ్లతో వాటిని కడిగి మళ్లీ పనిలోకి దించుతుంది. ఆ ఉప్పునీళ్ల కోసమే దాని అరలో కిలో పైచిలుకు ఉప్పు పోయాలి. వంటింటి మెత్తటి ఉప్పు పనికిరాదు, అది గట్టిపడి అర మూసుకుపోతుంది, పైగా గడ్డకట్టకుండా అందులో ఏవేవో కలుపుతారు. ఒకసారి దాని ఉప్పు అయిపోతే ఆవకాయకు తెచ్చిన రాళ్లుప్పు పోయబోయాను. మా ఆవిడ అడ్డుపడింది. మిషను మీద ప్రేమతో కాదు, ఆవకాయ మీద. ఉప్పు తిన్నవాళ్లకు విశ్వాసం ఉండాలంటారు. ఇది అక్షరాలా మా ఉప్పు తింటూ, ఒక్కరోజు ఆలస్యమైతే ఎర్రదీపం వెలిగించి కూర్చుంటుంది.

ఎర్రదీపం అంటే అలక. కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కితే ఏం కావాలో నోటితో చెప్పేవాడు, స్కూటరో గడియారమో. ఇది ఒక అక్షరం, రెండు అంకెలు చూపించి మౌనం వహిస్తుంది. వాటి అర్థం పుస్తకంలో వెతుక్కోవాలి. పుస్తకంలో ఆ అంకె ఎదురుగా 'సర్వీసు కేంద్రాన్ని సంప్రదించండి' అని ఉంటుంది. అందుకే నేను ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, లక్షణం, కారణం, చికిత్స అని నాలుగు గడులు. మా తాతగారు కరణీకం చేశారు, ఆ వాసన కొంత ఉంది.

వాసన అంటే గుర్తొచ్చింది. రిజిస్టరులో మొదటి పద్దు అదే. ఏడో నెలలో తలుపు తీస్తే కుళ్లిన పులుసు వాసన. మొదట సబ్బును అనుమానించాను, తర్వాత డ్రైనేజీని, ఆ తర్వాత కింది అంతస్తువారిని. ఫోను చేస్తే వచ్చిన టెక్నీషియన్ కుర్రవాడు వంగి చూసి, "ఫిల్టరు ఎన్నాళ్లకొకసారి తీస్తారు సార్?" అన్నాడు. ఫిల్టరు ఉంటుందా అని అడగడం నా హోదాకు తగదు కాబట్టి, "అప్పుడప్పుడు" అన్నాను. అతను కింది అర బయటికి లాగి, అడుగున ఉన్న గొట్టం లాంటిదాన్ని ఎడమకు తిప్పి పైకి తీశాడు. మా కుటుంబం ఏడు నెలల్లో ఏం తిన్నదో అంతా అందులో పొరలు పొరలుగా ఉంది. పైన కరివేపాకు, చింతపండు పీచు. దాని కింద మునగకాడ పిప్పి. ఇంకా కిందికి వెళ్తే కొబ్బరి కోరు. వినాయక చవితికి చేసిన కుడుముల్లోది! కుర్రవాడు ఏమీ అనలేదు. నాకు ఒక పాత టూత్‌బ్రష్ తెమ్మన్నాడు. ఆనాటి నుంచి వారానికొకసారి ఆ పని నాది.

పై అరలో గ్లాసులు శుభ్రం కాకపోవడం రెండో పద్దు. లోపల తిరుగుతూ నీళ్లు చిమ్మే రెక్కలకు సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిని ఎంత కొలతలో పెట్టారో గాని, తెలుగువాళ్ల తాళింపులో ఆవగింజ దూరి సరిగ్గా ఇరుక్కునేంత. రెక్కను ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపల గిలక్కాయలా మోగింది. ఆవగింజలో అరవయ్యో వంతు అని మాట వరసకు అంటాం, ఇక్కడ అరవై ఆవగింజలు ఉన్నాయి. మా ఆవిడ గాజుకు తగిలించుకున్న పిన్నీసు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క రంధ్రంలోంచి ఒక్కొక్క గింజను గుచ్చి తీశాను. గంటన్నర పట్టింది. చివరి గింజ రంధ్రం అంచు దాకా వచ్చి మళ్లీ లోపలికి జారిపోయినప్పుడు నేను అన్న మాట రిజిస్టరులో రాయలేదు. ఈ లోపు పనిమనిషి వచ్చి సింకులోవన్నీ తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మిగతావి చిల్లర జబ్బులు. సంపు కడిగిన మర్నాడు నీళ్లు అందడం లేదని అలిగింది. మళ్లీ కుర్రవాడు, మళ్లీ విజిటింగ్ చార్జీ. నీళ్లు లోపలికి వెళ్లే పైపు విప్పి, మూతి దగ్గరున్న జల్లెడలో పట్టిన ఎర్రమట్టిని నల్లా కింద కడిగి పెట్టాడు. నాలుగు నిమిషాల పని. ఇంకోసారి నీళ్లు బయటికి పోక అడుగున నిలిచిపోయాయి, పంపు చక్రంలో నిమ్మగింజ. ఇవిగాక నెలకొకసారి అభ్యంగనం ఉంది. అంట్లేవీ పెట్టకుండా, నిమ్మ ఉప్పు వేసి, బాగా వేడి నీళ్ల ప్రోగ్రాములో దానికదే స్నానం చేస్తుంది. ఆ తర్వాత తలుపు రబ్బరు మడతల్లో తడిగుడ్డతో నేను తుడుస్తాను. చెవుల వెనక తుడిచినట్టు.

అసలు తగువు మాత్రం వీటిలో ఏదీ కాదు, ఎంగిలి. తిన్న కంచంలో మెతుకులు దులిపేస్తే చాలు, ముందే కడగవద్దని తయారీదారులు చెబుతారు. సబ్బులోని ఎంజైములు పిండి పదార్థాన్ని, మాంసకృత్తులను విరగ్గొట్టడానికే ఉన్నాయి. కొన్ని మిషన్లు నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసుకుని, శుభ్రంగా కనిపిస్తే పని తగ్గించేస్తాయి కూడా. ఇదంతా నేను భోజనాల బల్ల దగ్గర రెండుసార్లు ఉపన్యసించాను. మా ఆవిడ ఎంగిలి కంచాన్ని కడగకుండా ఏ పెట్టెలోనూ పెట్టనంది. కాబట్టి మా ఇంట్లో గిన్నెలు ముందు సింకులో కడుగుతారు, తర్వాత మిషనులో కడుగుతారు. మిషను ఒక విడతకు పది లీటర్ల దరిదాపుల్లోనే వాడుతుందని నేను గొప్పగా చెప్పే లెక్కలో ఆ మొదటి కడుగుడు నీళ్లు కలపను.

మిషను నిండేదాకా ఆగాలి అన్నది ఇంకో చిక్కు. మా అత్తగారి లెక్కలో రాత్రి అంట్లు తెల్లారేదాకా ఉంటే ఇంట్లో దరిద్రం తాండవిస్తుంది. అవి పెట్టెలో, తలుపు వేసి ఉన్నాయి కదా అన్నాను. "దరిద్రానికి తలుపు అడ్డమా బాబూ?" అన్నారు. పొదుపు ప్రోగ్రాము మూడు గంటలు దాటుతుందని చెబితే ఆవిడ మరీ విస్తుపోయారు. కరెంటు ఖర్చు ఎక్కువగా నీళ్లు వేడి చేయడంలోనే ఉంటుంది కాబట్టి, వేడి తగ్గించి, ఆ లోటును సమయంతో పూడుస్తుంది అని వివరించాను. ఆవిడ గడియారం చూసి, "మూడు గంటల్లో పెళ్లి వంట అయిపోతుంది" అన్నారు.

మొన్న రాత్రి పదిన్నరకు, పైన చెప్పినట్టే, సింకు ముందు నిలబడి ఫిల్టరు జల్లెడను బ్రష్‌తో రుద్దుతున్నాను. నీళ్లు తాగడానికి వచ్చిన అత్తగారు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"అయ్యో, మీరు అంట్లు తోముతున్నారా బాబూ?"

"లేదండీ, మెయింటెనెన్స్."

ఆవిడ ఒక క్షణం ఆలోచించారు. స్టవ్వు మీదినుంచి పులుసు అడుగంటిన ఇనుప మూకుడు తీసి, మిషను ముట్టనిది అదే, నా పక్కన పెట్టారు.

"ఎలాగూ చేయి తడిసింది కదా. దీనికి కూడా కాస్త ఆ మెయింటెనెన్స్ చేసెయ్యండి."

మూకుడుకు ఫిల్టరు లేదు, రెక్కలు లేవు, ఉప్పు అర లేదు. పావుగంట పట్టింది. రిజిస్టరులో తేదీ వేశాను, మిగిలిన మూడు గడుల్లో ఏం రాయాలో ఇంకా తేలలేదు.