బాల్ఫోర్ సంతకమూ ఆపలేని అరెస్టు

1917 సెప్టెంబరు 21న లండన్‌లో ఫిలిప్ డి లాస్లో అనే చిత్రకారుణ్ణి అరెస్టు చేశారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్ళు. పోప్ 13వ లియో, జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్, ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ అందరి బొమ్మలూ వేసిన మనిషి. పుట్టింది బుడాపెస్ట్‌లో, ఓ యూదు దర్జీ ఇంట్లో. 1907లో ఇంగ్లండ్ వచ్చి స్థిరపడ్డారు. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే, బ్రిటిష్ పౌరసత్వం పొందారు. ఆ దరఖాస్తుకు పూచీ పడినవాళ్ళలో మాజీ ప్రధాని ఆర్థర్ బాల్ఫోర్ ఒకరు. అరెస్టు నాటికి ఆ బాల్ఫోరే దేశ విదేశాంగ మంత్రి. అయినా లాస్లో బ్రిక్స్టన్ జైలుకు, అక్కణ్ణుంచి ఇస్లింగ్టన్‌లోని నిర్బంధ శిబిరానికి వెళ్ళక తప్పలేదు. కోర్టులో నేరం మోపలేదు. ఎంతకాలం ఉంచుతారో చెప్పలేదు.

గొప్ప కళాకారుడికి అన్యాయం జరిగిందని ఈ ఉదంతాన్ని చెబుతుంటారు. అది నిజమే కానీ, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆయన వెనక నిలబడ్డవాళ్ళ సంగతి. మాజీ ప్రధాని, ధనిక అత్తవారిల్లు, పేరున్న న్యాయవాది ఉండి కూడా ఒక మనిషి నెలల తరబడి విచారణ లేకుండా లోపల ఉన్నాడంటే, వాళ్ళ అండ దేనికి పనికొచ్చింది, దేనికి రాలేదు?

ముందు ఆయన చేసిందేమిటో చూడాలి, ఎందుకంటే లాస్లో ఏ తప్పూ చేయని అమాయకుడు కాదు. హంగరీలో ఉన్న తల్లికి, అన్నదమ్ములకు ఉత్తరాలు రాశారు, డబ్బు పంపారు. అప్పటికి హంగరీ శత్రుదేశం. ఆ ఉత్తరాలు కొన్ని తటస్థ దేశమైన హాలండ్ దౌత్య సంచిలో, బ్రిటిష్ సెన్సార్ కంటపడకుండా వెళ్ళాయి. అది యుద్ధకాలపు నిబంధనలకు స్పష్టంగా విరుద్ధం. ఇంకొకటి: పారిపోయి వచ్చిన ఓ హంగరీ యుద్ధఖైదీ ఇంటి తలుపు తడితే, చేతిలో ఒక పౌండు పెట్టి పంపేశారు. తర్వాత తానే పోలీసులకు చెప్పారు. ఆయన మీద ఉన్న ఆరోపణల మూట దాదాపు ఇంతే.

సెన్సార్‌ను తప్పించుకోవడం నేరమే అయితే కేసు పెట్టొచ్చు. రాజ్య రక్షణ చట్టం కింద అలాంటి కేసులు పెట్టి జరిమానాలు, జైలుశిక్షలు వేయిస్తూనే ఉన్నారు. కేసు పెడితే సాక్ష్యం చూపాలి, అవతలి పక్క లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి, తల్లికి రాసిన ఉత్తరంలో రహస్యం ఏముందో బయటపెట్టాలి. ప్రభుత్వం ఆ తలనొప్పి పెట్టుకోలేదు. ఆ చట్టం కింద 1915లో తెచ్చిన 14బి నిబంధనను వాడుకుంది. శత్రుదేశపు పుట్టుకో, శత్రువులతో సంబంధాలో ఉంటే చాలు, దేశ భద్రత కోసం హోం మంత్రి ఎవరినైనా నిర్బంధించవచ్చు. పుట్టుక ఒక కారణమైపోయాక ఇక ఏం వాదిస్తాం? బుడాపెస్ట్‌లో పుట్టలేదని ఆయన నిరూపించలేరు కదా.

ఈ నిబంధన చెల్లదని జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరుడైన ఆర్థర్ జాడిగ్ కోర్టుకెక్కారు. లాస్లో అరెస్టుకు కొన్ని నెలల ముందే, 1917లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగానూ పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ నిబంధనను సమర్థించింది. లార్డ్ షా ఒక్కరే ఒప్పుకోలేదు. ఈ లెక్కన పుట్టుక మీదే కాదు, మతం మీద, అభిప్రాయాల మీద కూడా మనుషుల్ని లోపలేయవచ్చు కదా అన్నది ఆయన అభ్యంతరం. మిగతా న్యాయమూర్తులు వినలేదు.

ఇక అండగా నిలిచినవాళ్ళ దగ్గరికి వద్దాం. భార్య లూసీ గిన్నెస్. బీరు సీసా మీద కనిపించే పేరే, కాకపోతే ఆమెది ఆ వంశంలో బ్యాంకింగ్ వ్యాపారం చేసిన శాఖ. ఐర్లండ్ అమ్మాయి, వయొలిన్ వాయించేది. 1900లో లాస్లోను పెళ్ళి చేసుకోగానే నాటి చట్టం ప్రకారం ఆమె సొంత దేశంలోనే విదేశీయురాలైపోయింది. విదేశీయుణ్ణి చేసుకున్న స్త్రీకి భర్త జాతీయతే దక్కేది. 1914లో ఆయన బ్రిటిష్ పౌరుడయ్యాకే ఆమెకు తన పౌరసత్వం తిరిగొచ్చింది. మూడేళ్ళకు భర్త జైల్లో, చేతిలో అయిదుగురు కొడుకులు. ఆయన పౌరసత్వ దరఖాస్తుకు బాల్ఫోర్‌తో పాటు పూచీ పడింది ఆమె పుట్టింటివారిలో ఒకరైన హోవర్డ్ గిన్నెస్. న్యాయవాది సర్ చార్లెస్ రస్సెల్. ఆ రోజుల్లో లండన్‌లో అంతకన్నా మంచి లాయరును వెతుక్కోవాలంటే కష్టమే.

అయినా వీళ్ళంతా చెప్పగలిగింది ఒకటే, ఈయన మంచివాడు, మాకు తెలుసు అని. ప్రభుత్వం అడుగుతున్నది అది కాదు. 14బి కింద పట్టుకున్నవాళ్ళ మొర వినడానికి న్యాయమూర్తి అధ్యక్షతన ఓ సలహా కమిటీ ఉండేది. అది తలుపులు మూసుకుని కూర్చునేది. తన మీద ఏ సమాచారం ఉందో, ఎవరిచ్చారో నిర్బంధితుడికి పూర్తిగా చెప్పేవాళ్ళు కాదు. చివరికి అది ఇచ్చేది సలహాయే, నిర్ణయం హోం మంత్రిదే. ఆరోపణ ఏమిటో తెలియనప్పుడు ఎంత పెద్దవాడి మాటైనా శీలపత్రంలాగే మిగులుతుంది. బాల్ఫోర్ ఏ మేరకు కలగజేసుకున్నారో గానీ, ఫలితం మాత్రం మారలేదు. చిత్రమేమిటంటే, అరెస్టయిన ఆరు వారాలకు, నవంబరు 2న, యూదులకు పాలస్తీనాలో స్వదేశం అంటూ ఆ బాల్ఫోరే చరిత్రకెక్కిన ప్రకటన మీద సంతకం పెట్టారు. యూదు ఇంట్లో పుట్టి ఆయన పూచీ మీద బ్రిటన్‌ను స్వదేశం చేసుకున్న మనిషి అప్పటికి నిర్బంధంలో ఉన్నాడు.

ఆ అండ ఒక్కోసారి ఎదురు తన్నింది కూడా. 1915 మేలో లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచాక బ్రిటన్‌లో జర్మన్ పేర్లున్న దుకాణాలు తగలబడ్డాయి. పెద్దింటి విదేశీయులకు మంత్రులు కొమ్ముకాస్తున్నారన్న కోపం పత్రికల్లో రాజుకుంది. 1918 వేసవిలో విదేశీయులందరినీ నిర్బంధించాలంటూ పది లక్షలకు పైగా సంతకాలతో అర్జీ వెళ్ళింది. ఇలాంటి గాలిలో బాల్ఫోర్ స్నేహితుణ్ణని చెప్పుకోవడం సాయమా, మరో అనుమానానికి దారా? బ్యాంకర్ సర్ ఎడ్గర్ స్పెయర్ సంగతి చూడండి. జర్మన్ కుటుంబంలో పుట్టి బ్రిటిష్ పౌరుడయ్యాడు, లండన్ సంగీత కచేరీలను సొంత డబ్బుతో నిలబెట్టాడు, ప్రధాని ఆస్క్విత్‌కు మిత్రుడు. 1915లో రాజు సలహామండలి అయిన ప్రివీ కౌన్సిల్‌కు రాజీనామా ఇస్తానంటే అక్కర్లేదని ఆస్క్విత్ బహిరంగంగానే లేఖ రాశారు. ఆ లేఖ ఉన్నా స్పెయర్ అమెరికా వెళ్ళిపోక తప్పలేదు, 1921లో పౌరసత్వమూ పోయింది.

అలాగని అండ దండగ అనను. లాస్లోకు ఆరోగ్యం, ముఖ్యంగా మనసు, దెబ్బతింది. 1918లో ఆయన్ను శిబిరం నుంచి నర్సింగ్‌హోమ్‌కు మార్చారు. డాక్టర్లు, లాయర్లు, పట్టు వదలని భార్య లేకుండా అది జరిగేదా అంటే నాకు అనుమానమే. ఐల్ ఆఫ్ మాన్‌లోని నాకలో శిబిరం వైపు చూస్తే తేడా తెలుస్తుంది. 1915 చివరికి బ్రిటన్‌లో నిర్బంధంలో ఉన్న శత్రుదేశాల పౌరులు దాదాపు 32,000 మంది. ఒక్క నాకలోలోనే 20,000కు పైగా జనం ముళ్ళకంచె వెనక బతికారు. హోటల్ వెయిటర్లు, మంగళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు. వాళ్ళ భార్యల్లో చాలామంది ఇంగ్లిష్‌వాళ్ళే. లూసీకి పట్టిన చట్టమే వాళ్ళకూ పట్టి, పుట్టిన వీధిలోనే శత్రువులైపోయారు. వాళ్ళకు గిన్నెస్ వంశం లేదు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖవాళ్ళైన క్వేకర్లు ఒక సహాయ కమిటీ పెట్టి ఆ ఇళ్ళకు తిండి, బట్ట చూశారు, శిబిరాల్లో పనిముట్లు ఇచ్చి చేతులకు పని కల్పించారు. అందుకు జర్మన్ల తొత్తులని తిట్లు తిన్నారు. తమ చుట్టం కాని, తమ బొమ్మ వేయని మనిషి కోసం నిలబడ్డారు కాబట్టి, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలైన మద్దతుదారులు వాళ్ళే.

లాస్లోను చివరికి నిర్దోషిగా తేల్చింది స్నేహితుల మాట కాదు. యుద్ధం ముగిశాక, 1919 జూన్‌లో, ఆయన పౌరసత్వం రద్దు చేయాలా వద్దా అని ఓ కమిటీ విచారించింది. అది బహిరంగ విచారణ. ప్రభుత్వం తన ఆరోపణలను పేరుపేరునా చదవాల్సి వచ్చింది. ఉత్తరాలు, డబ్బు, ఆ ఒక్క పౌండు అన్నీ బల్ల మీదకొచ్చాయి. ఆయన లాయర్లు జవాబిచ్చారు. దేశద్రోహం ఏమీ లేదని కమిటీ తేల్చింది, పౌరసత్వం నిలిచింది. రెండేళ్ళ కిందట ఉన్న కాగితాలే దాదాపు అన్నీ. మారింది వాటిని చూసిన పద్ధతి. తర్వాత ఆయన మళ్ళీ రాజకుటుంబానికి బొమ్మలు వేశారు, 1933లో చిన్నపిల్ల ఎలిజబెత్ బొమ్మ కూడా. 1937లో చనిపోయారు.

ఇదంతా మనకు దూరపు కథ కాదు. 1914లో ఇక్కడి జర్మన్లకూ అదే గతి పట్టింది. సాలూరు, పార్వతీపురం వైపు, నెల్లూరు వైపు పనిచేసిన జర్మన్ లూథరన్ మిషనరీలు మిషన్లు వదిలిపెట్టాల్సి వచ్చింది. దేశం నలుమూలల నుంచి జర్మన్లను అహ్మద్‌నగర్ శిబిరానికి తరలించారు. మిషనరీలను, వాళ్ళ ఆడవాళ్ళను, పిల్లలను తిరిగి యూరప్ పంపిన ఓడ పేరు గోల్కొండ. 1962లో చైనాతో యుద్ధమప్పుడు స్వతంత్ర భారతం దాదాపు 3,000 మంది చైనీయ సంతతివాళ్ళను రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టింది. వాళ్ళలో ఎందరో ఇక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళ తరఫున మాట్లాడటానికి ఏ మాజీ ప్రధానీ లేడు.

యుద్ధం లేనప్పుడూ ఆ పద్ధతి మన దగ్గర బతికే ఉంది. రాజ్యాంగం 22వ అధికరణంలోనే ముందస్తు నిర్బంధం ఉంది, దానితో పాటే సలహా బోర్డు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో ముందస్తు నిర్బంధ చట్టం, అంటే పీడీ యాక్టు తెచ్చింది, తెలంగాణ 2018లో దాని పరిధి పెంచి కల్తీ విత్తనాల నుంచి సైబర్ నేరాల దాకా చేర్చింది. గరిష్ఠంగా ఏడాది లోపల ఉంచొచ్చు. సలహా బోర్డు ముందు లాయరును పెట్టుకునే హక్కు లేదు. 2023లో సుప్రీంకోర్టు ఓ కేసులో తెలంగాణ పోలీసులు ఈ అధికారాన్ని వాడుతున్న తీరును గట్టిగానే తప్పుపట్టింది. కల్తీ విత్తనాలు అమ్మేవాణ్ణి వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు, వాడి మీద కేసు పెట్టి నిరూపించి శిక్ష వేయించమనే నేననేది. మామూలు కేసు నిలబడదనుకున్నప్పుడల్లా ఈ దారి పట్టడం పోలీసులకు అలవాటైపోతే, 14బి నాటి హోం మంత్రికీ వాళ్ళకూ తేడా ఏముంటుంది?

ఈ బోర్డులను కొంచెమైనా స్వతంత్రంగా చేయడానికి ఎమర్జెన్సీ అనుభవం తర్వాత 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. బోర్డు అనుమతి లేకుండా ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించాలి, బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతోనే వేయాలి అని అందులో ఉంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకమూ అయింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఇప్పటికీ రాలేదు. జనతా ప్రభుత్వం ఇవ్వలేదు, తర్వాత వచ్చిన కాంగ్రెస్, బీజేపీ ప్రభుత్వాలూ ఇవ్వలేదు.