టెస్టులు తీసేయబోతే తాళాలు బయటికెళ్లాయి

మొన్న శుక్రవారం రాత్రి బెంగళూరు మడివాళలో విజయవాడ బస్సు కోసం నిలబడ్డా. చేతిలో తమ్ముడికి కొన్న షూ డబ్బా. మా లీడ్‌ది అనంతపురం, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆయన ఫోన్ చేసి, నవ్వకుండా, "ఏమప్పా, ఇందాక నువ్వు పబ్లిష్ చేసిన ప్యాకేజీ ఒకసారి విప్పి చూడు" అన్నాడు.

ట్రావెల్స్ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచా. ప్యాకేజీ అంటే ఎన్‌పీఎంలో, అంటే జావాస్క్రిప్ట్ వాళ్లు కోడ్ దించుకునే చోట, మేం పెట్టే కోడ్ మూట. ఆ మూటే టార్ ఫైల్. విప్పితే వాడకానికి సిద్ధమైన కోడుండే డిస్ట్ ఫోల్డర్, రీడ్‌మీ, పక్కనే దర్జాగా రహస్య సెట్టింగులుండే డాట్ ఎన్వ్ ఫైల్. అందులో మా డేటాబేస్ పాస్‌వర్డు.

తప్పు నాదే. ప్యాకేజీ బరువెక్కువైందని, టెస్టుల ఫోల్డర్ తీసేద్దామని ఆ మధ్యాహ్నం ప్యాకేజీలోకి ఏవి వెళ్లకూడదో చెప్పే డాట్ ఎన్‌పీఎంఇగ్నోర్ ఫైల్ కొత్తగా పెట్టా. ఒకే ఒక్క లైను. అప్పటిదాకా ఆ ఫైల్ లేదు కాబట్టి ఎన్‌పీఎం గిట్‌ఇగ్నోర్ (మా కోడ్ దాచుకునే గిట్‌లోకి ఏవి వెళ్లకూడదో చెప్పే ఫైల్) చూసి డాట్ ఎన్వ్‌ని వదిలేస్తూ వచ్చింది. ఇది వచ్చాక గిట్‌ఇగ్నోర్ మొహం కూడా చూడదు. రెండూ కలుపుకుంటుందనుకున్నా. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, నేను చదవలేదు. రివ్యూ చేసిన ఇద్దరూ ఒక్క లైనే కదా అని ఓకే కొట్టి టీకి పోయారు.

అసలు నా గొడవ ఈ 'వద్దు' జాబితాల మీద. ఊరెళ్తూ బ్యాగు సర్దేటప్పుడు ఏమేం పెట్టకూడదో ఎవరైనా రాసుకుంటారా? ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఫైల్స్ అని ఒక వరస ఉంది. అందులో డిస్ట్ అని రాస్తే డిస్టే వెళ్తుంది. రీడ్‌మీ, లైసెన్స్, ప్యాకేజ్ డాట్ జేసన్ లాంటివి కొన్ని అడక్కపోయినా ఎక్కుతాయి. అంతే.

"కొత్త ఫోల్డర్ అందులో రాయడం మర్చిపోతే?" అని మా టీంలో ఒకడి వాదన. మర్చిపో నాయనా! వాడుకునేవాడు మాడ్యూల్ దొరకలేదని పది నిమిషాల్లో అరుస్తాడు, సర్దుకుంటాం. పాస్‌వర్డు బయటికెళ్తే మాత్రం అరిచేవాడుండడు. దొరికినవాడు థ్యాంక్స్ కూడా చెప్పడు.

ఇంకోటి. మనం రివ్యూ చేసేది గిట్‌ని, జనం దించుకునేది టార్‌ని. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్, అంటే లినక్స్‌లో ఫైళ్లు కుదించే టూల్‌లో దాచిన దొంగదారి, గుర్తుందా? దాన్ని బిల్డ్‌లోకి లాగే స్క్రిప్టు గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌లోనే ఉంది. అది కుట్ర, నాది బద్ధకం. కానీ రెండు చోట్లా డబ్బా విప్పి చూసినవాడు లేడు. మూట కట్టే ఎన్‌పీఎం ప్యాక్ కమాండ్‌కి డ్రై రన్ తగిలిస్తే, నిజంగా కట్టకుండానే ఏ ఫైళ్లు వెళ్తున్నాయో వరసగా చూపిస్తుంది. ఆ జాబితాని ఇప్పుడు బిల్డ్‌లోనే పాతదానితో పోలుస్తున్నాం. కొత్త పేరు కనబడితే పబ్లిష్ ఆగిపోతుంది.

యాప్‌ని లేయర్లుగా, అంటే పొరలు పొరలుగా, ప్యాక్ చేసే డాకర్ వాళ్లూ నవ్వకండి. కాపీ చుక్క చుక్క కొట్టి ఫోల్డర్ మొత్తం ఎక్కించి, తర్వాతి లైన్లో ఫైల్ డిలీట్ చేస్తే పోయిందనుకుంటున్నారేమో, కింది లేయర్‌లో అది భద్రంగా ఉంటుంది.

పబ్లిష్ చేసి 72 గంటలు దాటలేదు, దానిమీద ఆధారపడ్డ ప్యాకేజీలూ లేవు కాబట్టి వెనక్కి తీసుకోగలిగాం. ఈలోపు ఎవరు దించుకున్నారో దేవుడికెరుక, అందుకే పాస్‌వర్డులన్నీ మార్చాం. అయ్యేసరికి రాత్రి రెండు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. షూ డబ్బా ఇంకా మా రూంలోనే ఉంది, తమ్ముడు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు.