ఓమ్‌లు చూసి ఆంప్ కొనకండి

హెడ్‌ఫోన్ కొన్నవారెవరైనా ‘దీనికి ఆంప్ కావాలా?’ అని, అంటే సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్ కావాలా అని అడిగితే, హెడ్‌ఫోన్ల పిచ్చి ఉన్న మనవాళ్ల నుంచి తడుముకోకుండా వచ్చే ఎదురు ప్రశ్న ‘ఎన్ని ఓమ్‌లు?’ అన్నదే. 32 అంటే ఫోన్ చాలంటారు. 300 అంటే మాత్రం, బల్ల మీద పెట్టుకునే పెద్ద ఆంప్ లేకుండా ఆ హెడ్‌ఫోన్ కొనడమే దండగని తేల్చేస్తారు. చెప్పేవాళ్ల ధీమా చూసి, అడిగినవాడు హెడ్‌ఫోన్‌కు పెట్టినదానికన్నా ఎక్కువ డబ్బు ఆంప్‌కు పోస్తాడు. ఓమ్‌ల అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఆంప్‌ను నిర్ణయించడం తప్పన్నది నా గట్టి అభిప్రాయం. ‘వెచ్చగా’ పలికే ఆంప్‌ను ‘పదునుగా’ పలికే హెడ్‌ఫోన్‌కు జత చేయాలన్న రెండో సలహా అంతకన్నా నష్టం చేస్తుంది, ఎందుకంటే మొదటిదాన్ని కనీసం లెక్క వేసి కాదనవచ్చు.

ఆ లెక్కే వేద్దాం. సెన్‌హైజర్ వారి హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు. ఒక వోల్ట్ ఇస్తే అది 103 డెసిబెల్‌ల శబ్దం చేస్తుందని కంపెనీయే చెబుతుంది. హైఫైమాన్ వారి హెచ్ఈ400ఎస్ఈ ప్లేనార్ రకం (పల్చని పొర మొత్తం ఒకేసారి కదిలి పలికేది), దాని ఇంపీడెన్స్ 25 ఓమ్‌లు. దాని సెన్సిటివిటీ, అంటే ఇచ్చినదానికి పలికే శబ్దం, 91 డెసిబెల్‌లు; దీన్ని ఒక మిల్లీవాట్‌కు ఇచ్చిన అంకెగా తీసుకుందాం. పాటలో క్షణకాలం వచ్చే అతి పెద్ద దెబ్బలు 110 డెసిబెల్‌ల దాకా చిట్లకుండా వినిపించాలనుకుందాం. ఇది చాలా ఉదారమైన లక్ష్యం. నిలకడగా వినేటప్పుడు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్‌లు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. హెచ్‌డీ 650 ఆ 110ని అందుకోవడానికి సుమారు 2.25 వోల్టులు, 7.5 మిల్లీ ఆంపియర్లు, అంటే 17 మిల్లీవాట్లు సరిపోతాయి. హెచ్ఈ400ఎస్ఈకి వోల్టులు 1.4 చాలు గాని, కరెంటు 56 మిల్లీ ఆంపియర్లు, పవర్ 79 మిల్లీవాట్లు కావాలి. ఓమ్‌లు తక్కువ కాబట్టి ఫోన్‌కే పలుకుతుందని చెప్పిన హెడ్‌ఫోన్ నాలుగున్నర రెట్లకు పైగా పవర్ తాగుతోంది; పెద్ద ఆంప్ తప్పదని బెదిరించిన హెడ్‌ఫోన్‌కు, ఫోన్‌కు తగిలించే చిన్న డాంగిల్‌తోనే దాదాపు పని జరిగిపోతోంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అమ్మకపు పేజీల్లో సెన్సిటివిటీ కింద ఒకచోట మిల్లీవాట్‌కు ఇంత అనీ, మరోచోట వోల్ట్‌కు ఇంత అనీ, చాలాచోట్ల ఏ వివరమూ లేకుండా ‘103 డెసిబెల్‌లు’ అనీ రాసి వదిలేస్తారు. ఒక వోల్ట్ అంటే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో 31 మిల్లీవాట్లు, కాబట్టి ఒకే హెడ్‌ఫోన్‌కు ఈ రెండు పద్ధతుల్లో రాసిన అంకెల మధ్య 15 డెసిబెల్‌ల తేడా వస్తుంది. 300 ఓమ్‌ల దగ్గర ఆ తేడా 5 మాత్రమే. దేనికి కొలిచారో చూడకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చితే వచ్చే జవాబుకు విలువ లేదు.

యాపిల్ వారి చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ నిండు వాల్యూమ్‌లో సుమారు ఒక వోల్ట్ ఇస్తుంది. ఐరోపాలో అమ్మే రకం అందులో సగమే ఇస్తుంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే వాల్యూమ్ పూర్తిగా తెరుచుకోదు. ఆ ఒక్క వోల్ట్‌తో హెచ్‌డీ 650 మీద నేటి సినిమా పాటలు వింటే చెవులు నిండిపోతాయి, ఎందుకంటే వాటిని మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా నొక్కి నొక్కి ఒకే ఎత్తులో మాస్టర్ చేస్తారు. కర్ణాటక సంగీత కచేరీ ప్రత్యక్ష రికార్డింగ్ వేస్తే పరిస్థితి వేరు. తని ఆవర్తనంలో మృదంగం మీద పడే గట్టి చాపుకు చోటు మిగిల్చి రికార్డు చేస్తారు గనుక, రాగాలాపన మొదట్లో గాత్రమూ, దాని వెనక వయొలినూ బాగా కింద ఉంటాయి. అక్కడ ఫోన్ వాల్యూమ్ చివరి గీత దాకా లాగినా ఇంకొంచెం ఉంటే బాగుండుననిపిస్తుంది. ఈక్వలైజర్ వాడేవారికీ ఇదే ఇబ్బంది: బేస్ 6 డెసిబెల్‌లు పెంచుకోవాలంటే మొత్తం శబ్దాన్ని ముందు 6 డెసిబెల్‌లు తగ్గించుకోవాలి. అందుచేత ‘ఏ హెడ్‌ఫోన్?’ అని అడిగే ముందో వెనకో, ‘ఏం వింటారు?’ అని కూడా అడగాలి. సలహాలిచ్చేవారిలో ఈ ప్రశ్న వేసేవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

మరి ఓమ్‌లకు ఇంత గౌరవం ఎలా వచ్చింది? దానికి చరిత్ర ఉంది. పాత రిసీవర్లలో హెడ్‌ఫోన్ జాక్‌కు విడిగా ఆంప్ ఉండేది కాదు. స్పీకర్లకు పోయే సిగ్నల్‌నే కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్ గుండా పంపి జాక్‌కు ఇచ్చేవారు. స్టూడియోల్లో ఒకే అవుట్‌పుట్‌కు అనేక హెడ్‌ఫోన్లు పక్కపక్కన తగిలించాల్సి వచ్చేది. ఇలాంటి చోట ఇంపీడెన్స్ ఎక్కువ ఉండటం సౌకర్యం. 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 ఇంపీడెన్స్ ఏకంగా 2000 ఓమ్‌లు. బేయర్‌డైనమిక్ వారు డీటీ 770 ప్రోను 32, 80, 250 ఓమ్‌లలోనూ, డీటీ 990ను 600 ఓమ్‌లలో కూడా తయారు చేయడం వెనక ఉన్నది కూడా, దేనికి తగిలిస్తారన్న ఆలోచనే. వాడుకను బట్టి పుట్టిన ఆ అంకె క్రమంగా నాణ్యతకు కొలమానమై కూర్చుంది. 2020 దసరా అమ్మకాల్లో ఫ్లిప్‌కార్ట్ 19,990 రూపాయలకు ఇచ్చిన ఎల్‌జీ జీ8ఎక్స్‌ను పాటల పిచ్చితో కొన్నవాళ్లకు ఇంకో వింత గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీ ఫోన్లు జాక్‌లో పెట్టినదాని ఇంపీడెన్స్‌ను కొలిచి, 50 ఓమ్‌లు దాటితేనే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేవి. అంటే 25 ఓమ్‌ల ప్లేనార్‌కు, నిజంగా అవసరమున్నదానికి, తక్కువే దక్కేది. ఫోన్‌ను మభ్యపెట్టడానికి మధ్యలో అడాప్టర్లు తగిలించుకున్న మహానుభావులు మనలో ఉన్నారు.

ఇప్పుడు ఆంప్ వైపు చూద్దాం. పెట్టె మీద ‘1000 మిల్లీవాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎన్ని ఓమ్‌ల లోడ్‌కు అన్నది వెతికినా కనబడదు. బోరు ఎంత లోతో, నీళ్లు ఎన్ని అంగుళాలో అడగకుండా ‘అయిదు హార్స్ పవర్ మోటారు సార్, తీసుకెళ్లండి’ అన్నట్టుంటుంది ఈ వ్యవహారం. అది 32 ఓమ్‌లకు 1000 మిల్లీవాట్లయితే సుమారు 5.7 వోల్టులన్నమాట. అవే 5.7 వోల్టులు 300 ఓమ్‌ల దగ్గర 107 మిల్లీవాట్లే ఇస్తాయి, అయినా హెచ్‌డీ 650కి అవి అవసరానికి మించినవి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే కాబట్టి, 500కీ 2000కీ మధ్య ధరలో ఉన్నంత తేడా చెవిలో ఉండదు. ఉన్నది 6 డెసిబెల్‌లు. బ్యాలెన్స్‌డ్ జాక్ (ఒక్కో చెవికి రెండేసి తీగలు విడిగా నడిపేది) మహిమ కూడా చాలామటుకు ఇదే. మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో 2 వోల్టులిచ్చే డాంగిల్ 4.4 మిల్లీమీటర్ల జాక్‌లో 4 వోల్టులిస్తే, వాల్యూమ్ సవరించకుండా విన్నవారికి రెండోదే ‘విశాలంగా’ వినబడటంలో వింతేమీ లేదు.

ఆంప్ వల్ల స్వరం నిజంగా మారే చోటు ఒకటుంది, దాని గురించి మాత్రం మనవాళ్లు చాలా తక్కువ మాట్లాడతారు. అది ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్ బయటికి వచ్చే దారిలో ఆంప్‌లోనే ఉన్న అడ్డు. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని శ్రుతుల దగ్గర ఒకేలా ఉండదు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి డ్రైవర్లు అనేకం ఉన్న ఐఈఎం (చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్) ఒకటి, ఒకచోట 5 ఓమ్‌లకు దిగి, ఇంకొకచోట 40 ఓమ్‌లకు ఎక్కుతుందనుకోండి. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 10 ఓమ్‌లున్న ఆంప్‌కు దాన్ని తగిలిస్తే, ఆ రెండు చోట్ల మధ్య ఏడున్నర డెసిబెల్‌లకు పైగా తేడా వచ్చిపడుతుంది. తయారుచేసినవాడు అనుకోని స్వరం అది. అదే ఆంప్‌లో ఆ విలువ ఒక ఓమ్ అయితే తేడా ఒకటిన్నర డెసిబెల్‌ల లోపే ఆగిపోతుంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోవాలన్న వాడుక సూత్రం ఇందుకే పుట్టింది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 1996 నాటి 61938 ప్రమాణం అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌గా 120 ఓమ్‌లను సూచించింది. ఆ విలువ నేటి ఐఈఎంల పాలిట శాపం. హెచ్‌డీ 650 సంగతి వేరు. దాని ఇంపీడెన్స్ 100 హెర్ట్జ్ దరిదాపుల్లో 500 ఓమ్‌ల దాకా ఎక్కుతుంది కాబట్టి, 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న ట్యూబ్ ఆంప్‌కు (ట్రాన్సిస్టర్లకు బదులు పాతకాలపు వాక్యూమ్ ట్యూబులు వాడేది) తగిలిస్తే బేస్ దాదాపు ఒక డెసిబెల్ పైకి లేస్తుంది, ఆ పెంపు వినడానికి హాయిగానే ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్‌లకూ 300 ఓమ్‌ల సెన్‌హైజర్లకూ స్నేహం కుదిరిందంటే ఒక కారణం ఇదే. ప్లేనార్ల ఇంపీడెన్స్ మాత్రం ఆ చివర నుంచి ఈ చివరి దాకా గీత గీసినట్టు ఒకేలా ఉంటుంది గనుక వాటి స్వరం మారదు. కాని 25 ఓమ్‌ల ప్లేనార్‌ను ఆ ట్యూబ్ ఆంప్‌కే పెడితే సిగ్నల్‌లో 15 డెసిబెల్‌లు ఆంప్‌లోనే హరించుకుపోతాయి, మిగిలినదానికి కావలసిన కరెంటు ఇచ్చే శక్తి ఆ ట్యూబుకు ఉండదు.

ఈ మూడు నాలుగు అంకెలు సరిపడ్డాక, మంచి నమూనాలో తయారైన రెండు ట్రాన్సిస్టర్ ఆంప్‌ల మధ్య ‘జోడీ’ ఏదో ఉందంటే నేను నమ్మను. 2011లో ఎన్‌డబ్ల్యుఏవీగై అన్న మారుపేరుతో రాసిన ఒక అజ్ఞాత ఇంజినీరు ఓ2 అనే ఆంప్ నమూనాను కొలతలతో సహా అందరి ముందూ పెట్టి ఇదే వాదించాడు. ఆ మరుసటి ఏడాది రాతలు ఆపేసి కనుమరుగయ్యాడు, వాదన మాత్రం చెక్కుచెదరలేదు. ‘అంకెలతో కాదు, చెవులతో వినాలి’ అనే పెద్దలకు నా మనవి ఒకటే: చెవులతోనే వినండి, కాకపోతే శబ్దం సమానం చేసి వినండి. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే 300 హెర్ట్జ్ టోన్ ఒకటి వేసి, మామూలు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, రెండు ఆంప్‌ల అవుట్‌పుట్‌లనూ ఒకే అంకెకు తెచ్చి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరి చేత మార్పించుకోండి. ట్యూబ్ ఇష్టమైతే కొనుక్కోవడంలో నాకే అభ్యంతరమూ లేదు. అది మీ రుచి, హెడ్‌ఫోన్ అవసరం కాదు.

పవర్ ఎక్కువైతే నష్టమేముందని అడుగుతారు. సున్నితమైన ఐఈఎంను అలాంటి ఆంప్‌కు, గెయిన్ స్విచ్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది) ఎక్కువ మీద ఉండగా పెట్టి చూడండి. పాట మొదలు కాకముందే చెవిలో సన్నని ‘సుయ్’మన్న హోరు. నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పేసరికి భరించలేనంత శబ్దం. తగ్గిస్తే, నాబ్ వెనక ఉండే మామూలు పొటెన్షియోమీటర్ తొలి భాగంలో రెండు ఛానెళ్లూ సమంగా నడవవు కాబట్టి గాయని ఎడమ చెవి వైపు ఒరిగిపోతుంది. నాబ్‌లో మూడు వంతులు ఎన్నటికీ వాడనివే. గెయిన్ తక్కువ మీద పెడితే ఈ బాధ సగం తీరుతుంది, కాని ఆ స్విచ్ ఒకటుందని అమ్మినవాడు చెప్పడు.

పెద్ద ఆంప్ నిజంగా కావలసిన హెడ్‌ఫోన్లు లేకపోలేదు. హైఫైమాన్ హెచ్ఈ-6 సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్‌లు, ఇంపీడెన్స్ 50 ఓమ్‌లు. 110 అందుకోవాలంటే 4.7 వోల్టులు, 95 మిల్లీ ఆంపియర్లు, దాదాపు 450 మిల్లీవాట్లు కావాలి. దాన్ని స్పీకర్ ఆంప్‌లకు తగిలించుకుని విన్నవాళ్లను నేను ఎగతాళి చేయను. మిగతావారు ముందు డాంగిల్‌తో మొదలుపెట్టి, మీరు వినే వాటిలో అతి తక్కువ శబ్దంతో రికార్డైన దాన్ని పెట్టి, వాల్యూమ్ చివరికి తిప్పి వినండి. అప్పటికీ చాలకపోతే, ఆంప్ అమ్మేవాడిని మీ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ దగ్గర అది ఎన్ని వోల్టులు ఇస్తుందో, ఎంత కరెంటు ఇస్తుందో, దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఈ మూడింటికీ జవాబు రాకుండా ‘చాలా పవర్‌ఫుల్ సార్’ అన్న మాట ఒక్కటే వస్తే, ఆ ఆంప్‌ను అక్కడే వదిలేయండి.