‘నిల్’ రిపోర్టు వస్తే నేరుగా ఐవీఎఫ్‌కేనా?

వీర్య పరీక్షలో కణాలు ‘నిల్’ అని రాగానే చాలా జంటలు నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ దాకా వెళ్లిపోతున్నాయి. భర్తను పడుకోబెట్టి చేత్తో పరీక్షించే సందర్భాలు మాత్రం అరుదు. వీర్యంలో కణాలు లేని పురుషుల్లో సుమారు 40 శాతం మందికి ఉత్పత్తి సవ్యంగానే ఉండి, దారి మాత్రమే మూసుకుపోయి ఉంటుంది. ఎక్కడ మూసుకుపోయిందో తేల్చకుండా వైద్యం నిర్ణయించడం తొందరపాటే.

ఆ ఆచూకీ చాలావరకు అదే రిపోర్టులో, ఎవరూ పట్టించుకోని వరుసల్లో ఉంటుంది. వీర్యం 1.5 మిల్లీలీటర్ల కన్నా తక్కువగా, ఆమ్ల గుణంతో ఉండి, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండే చక్కెర) లేదని తేలితే, అడ్డు ప్రోస్టేట్ దగ్గరి స్ఖలన నాళాల్లో ఉండవచ్చు, లేదా కణాలను మోసుకొచ్చే వీర్యవాహికలు పుట్టుకతోనే లేకపోవచ్చు. ఈ రెండోది తేల్చడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదు: వృషణసంచి పైభాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తడిమితే, గట్టి తాడులా తగలాల్సిన వాహిక తగలదు. వీర్యం పరిమాణం, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలను ప్రేరేపించే హార్మోన్), వృషణాల సైజు మూడూ మామూలుగా ఉంటే ఎపిడిడిమిస్‌ను (వృషణానికి ఆనుకుని కణాలు నిల్వ ఉండే గొట్టాన్ని) అనుమానించాలి. అయితే కణాల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయిన కొందరిలోనూ ఇవి ఇలాగే కనిపిస్తాయి. చిన్ననాటి హెర్నియా ఆపరేషన్, క్షయ, గనేరియా కూడా దారిని మూసేయవచ్చు; వాటి గురించి అడగడానికి ఖర్చేమీ లేదు.

వాహికలే లేనివారికి సూదితో కణాలు తీసి ఇక్సీ (ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) చేయడమే మార్గం. వారిలో అత్యధికులకు సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం ఉంటుంది కనుక, భార్యకూ ఆ జన్యు పరీక్ష చేయకపోతే బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను, జీర్ణవ్యవస్థను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) ముప్పును చూసీచూడనట్టు వదిలేసినట్టే. స్ఖలన నాళాల అడ్డును మూత్రమార్గం గుండా ఎండోస్కోపీతో తొలగించవచ్చు.

వేసెక్టమీ (పిల్లలు పుట్టకుండా వాహికలు కత్తిరించే ఆపరేషన్) చేయించుకున్నాక బిడ్డను పోగొట్టుకునో, మళ్లీ పెళ్లి చేసుకునో వచ్చేవారికి తిరిగి కలిపే మైక్రోసర్జరీ ఉంది. 1991లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, వేసెక్టమీ అయిన మూడేళ్లలోపు వచ్చినవారిలో 97 శాతం మందికి కణాలు తిరిగి కనిపించాయి, 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. 15 ఏళ్లు దాటితే అవి 71, 30 శాతానికి పడిపోయాయి.

నా దృష్టిలో నిర్ణయానికి అసలు కొలమానం భార్య వయసు. ఆమె చిన్న వయసులో, ఏ సమస్యా లేకుండా ఉంటే, అతని అడ్డంకి కోసం ఆమెకు హార్మోన్ ఇంజెక్షన్లు వేయడం కన్నా దారి బాగుచేయడమే న్యాయం. రెండో బిడ్డకూ అదే దారి పనికొస్తుంది. ఆమెకు 37, 38 దాటితే ఎదురుచూపు నష్టమే, ఎందుకంటే ఎపిడిడిమిస్‌కు వాహికను అతికించాక కణాలు కనిపించడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. శస్త్రచికిత్సనే ఎంచుకున్నవారు, ఆ సమయంలోనే కొన్ని కణాలను తీసి ఫ్రీజ్ చేయమని వైద్యుణ్ణి ముందుగానే అడగడం మంచిది.