హోమ్స్ అంటే డాయిలేనా?

కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ ఎవరో కాదు, ఆయన్ని పుట్టించిన ఆర్థర్ కానన్ డాయిలే అనే మాట తెగ షేర్ అవుతోంది. దానికి చూపిస్తున్న సాక్ష్యాలు మూడు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ఉత్తరం. డాయిల్‌కు వైద్యం నేర్పిన డాక్టర్ జోసెఫ్ బెల్ ఆయనకు 'హోమ్స్‌వి నువ్వే, ఆ సంగతి నీకూ తెలుసు' అని రాసిన మాట నిజమే. కానీ 'హోమ్స్ విషయంలో నేను మీకే రుణపడి ఉన్నాను' అని 1892లో బెల్‌కు రాసింది డాయిలే. శిష్యుడు పొగిడితే 'నాదేముంది నాయనా, అంతా నీ ప్రతిభే' అనని గురువు ఎవరు?

అసలు బెల్ ఏం చేసేవాడో చూడండి. ఎడిన్‌బరా ఆసుపత్రికి ఒక రోగి వచ్చాడు. బెల్ నోరు విప్పనివ్వకుండానే అడిగాడు: సైన్యంలో చేశావు, ఈమధ్యే బయటికొచ్చావు, బార్బడోస్‌లో ఉన్నావు, అవునా? అన్నిటికీ అవుననే జవాబు. ఎలా తెలిసిందంటే, మనిషి మర్యాదస్తుడే, అయినా టోపీ తీయలేదు. సైన్యంలో తీయరు, బయటికొచ్చి చాలాకాలమై ఉంటే ఆ అలవాటు పోయేది. వచ్చిన జబ్బు బోదకాలు, అది బ్రిటన్‌లో వచ్చేది కాదు, వెస్టిండీస్‌ది. అప్పట్లో బెల్ దగ్గర క్లర్కుగా పనిచేసిన కుర్రాడే డాయిల్. 1887లో వచ్చిన తొలి నవలలో హోమ్స్, తర్వాత తన స్నేహితుడయ్యే డాక్టర్ వాట్సన్‌ను చూడగానే 'అఫ్గానిస్థాన్ నుంచి వచ్చారు కదూ' అంటాడు. పోలిక ఎవరిదో వేరే చెప్పాలా?

రెండోది, డాయిల్ నిజం కేసులు తేల్చాడని. జార్జ్ ఎడాల్జీ కేసు గొప్పదే. బొంబాయి పార్సీ తండ్రికి పుట్టిన ఈ లాయర్ రాత్రిపూట పశువులను కోశాడని 1903లో శిక్ష వేశారు. డాయిల్ అతన్ని కలవడానికి హోటల్‌కి వెళ్లేసరికి ఎడాల్జీ పేపర్‌ను కళ్లకు దగ్గరగా, పక్కకు వంచి పట్టుకుని చదువుతున్నాడు. ఈ చూపుతో చీకట్లో పొలాలు దాటడమా! నేను కాదనను, ఇది అచ్చం హోమ్స్ కథే. కానీ ఆయన ఈ కేసు మీద రాసింది 1907లో. అప్పటికి హోమ్స్‌కు ఇరవయ్యేళ్లు. పైగా డాయిల్ కళ్ల వైద్యం చదివినవాడు.

మూడోది, ఇద్దరిదీ ఒకే స్వభావమట. డాయిల్ చూస్తే డాక్టరు, గుబురు మీసం, ఆటల పిచ్చి, పెళ్లాం ఉన్న మనిషి. ఇది వాట్సన్ పోలిక కాదూ? మనలో కాస్తయినా లేని పాత్రకు ప్రాణం పోయలేమని డాయిలే ఒప్పుకున్నాడు. వెంటనే, ఇన్నిమంది విలన్లను రాసిన నేను ఇలా అనడం ప్రమాదమే అని నవ్వేశాడు కూడా.

1920 డిసెంబరులో ఆయన స్ట్రాండ్ పత్రికలో దేవకన్యల ఫోటోలు నిజమని వ్యాసం రాశాడు. హోమ్స్ కథలు వచ్చే పత్రికే. ఇద్దరు ఆడపిల్లలు కాగితం బొమ్మలు కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి తీసిన ఫోటోలవి. వాళ్లే 1983లో ఒప్పుకున్నారు. ఆ వ్యాసం వచ్చిన మూడేళ్లకు అదే డాయిల్ రాసిన కథలో, రక్తపిశాచి ఉందంటూ వచ్చిన కేసు చూసి హోమ్స్ ఏమన్నాడు? మన ఆఫీసు నేల మీద గట్టిగా నిలబడి ఉంది, దయ్యాలకు ఇక్కడ పని లేదు అన్నాడు.