బెలూనా, స్టెంటా: బల్లెక్కక ముందే చెప్పాలి

గుండె రక్తనాళంలో స్టెంటు (నాళం మూసుకుపోకుండా లోపల నిలిపే సన్నని లోహపు జాలీ గొట్టం) వేయించుకున్న మనిషి రెండు మూడేళ్లకు మళ్లీ ఛాతీ పట్టేస్తోందంటూ ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రులకు బయలుదేరడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదు. రోగి యాంజియోగ్రామ్ బల్లపై ఉండగానే కొడుకునో అల్లుడినో లోపలికి పిలుస్తారు. తెరపై నల్లగా పారుతున్న నాళం ఒకచోట దారంలా సన్నబడటం చూపించి, స్టెంటులోనే మళ్లీ బ్లాకు వచ్చిందంటారు. ఇంకో స్టెంటు వేయడానికి ఇంగ్లిష్‌లో అచ్చయిన అంగీకార పత్రంపై అయిదు నిమిషాల్లో సంతకం పడిపోతుంది. మందు పూసిన బెలూన్ అనే మరో మార్గం ఉందన్న మాట ఆ కుటుంబం చెవిన పడవలసింది అప్పుడు కాదు, అంతకు ముందే.

1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో తొలిసారి బెలూన్‌తో గుండె నాళాన్ని తెరిచారు. అలా తెరిచిన నాళాలు చాలామందిలో మళ్లీ ముడుచుకుపోవడంతో లోహపు స్టెంటు, ఆ స్టెంటు లోపల కండ పెరగకుండా మందు పూత వచ్చాయి. మందు బెలూన్ ఆ మందును మాత్రమే నాళపు గోడకు అందిస్తుంది: ముందు మామూలు బెలూన్‌తో దారి చేసి, తర్వాత దీన్ని ముప్పయి నుంచి అరవై సెకన్ల పాటు ఉబ్బించి బయటికి తీసేస్తారు. లోపల లోహం మిగలదు. పాత స్టెంటులోనే బ్లాకు వచ్చినవారికి ఇనుము మీద ఇనుము పేర్చకుండా ఇది పనికొస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో గుండె నాళాలకు తొలి మందు బెలూన్‌ను అనుమతించింది కూడా ఈ అవసరానికే. మూడు మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాల్లోనూ మంచి ఫలితాలు కనిపించాయి.

అయితే 'స్టెంటు లేని చికిత్స' అన్న ఆకర్షణకు లొంగిపోవడం తగదు. కొత్త బ్లాకులున్న 2,272 మందిపై చైనాలో జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్ల నాటికి గుండె సంబంధ మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, అక్కడే మళ్లీ చికిత్స అవసరం కావడం, ఈ మూడూ కలిపి చూస్తే బెలూన్ వర్గంలో 6.4 శాతం, స్టెంటు వర్గంలో 3.4 శాతంగా తేలాయి. నాళపు గోడ లోతుగా చీలినా, తెరిచిన నాళం వెంటనే ముడుచుకున్నా స్టెంటు తప్పదు. ఎవరికి ఏది అన్నది డాక్టరు నిర్ణయమే. కానీ కారణం తెలుసుకునే హక్కు రోగిది.

ధర సంగతి మరీ ముఖ్యం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టడంతో సామాన్యుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఉత్తర్వు స్టెంట్లకే పరిమితం. సూరత్‌లోనే ఈ బెలూన్లు తయారవుతున్నప్పుడు వీటికీ గరిష్ఠ ధర నిర్ణయించాలని మేము కోరుతున్నాం. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ స్థితిలో, ఎంత మేరకు ఇది వర్తిస్తుందో ప్రతి గుండె ఆసుపత్రి ముంగిట తెలుగులో రాసిపెట్టాలి.

ఇంటికి పంపే చీటీ మీద కూడా బెలూనా, స్టెంటా, రక్తం పలచబరిచే రెండు మాత్రలూ ఎన్నాళ్లు అన్నది తెలుగులోనే రాయాలి. నిలకడగా ఉన్న రోగికి కొత్త బ్లాకులో బెలూన్ మాత్రమే వాడితే ఆ జోడీ నెల రోజులు వాడితే చాలవచ్చు; స్టెంటు పడితే సాధారణంగా ఆరు నెలలు వాడాలి. ఆ తేడా తెలియని పెద్దాయన ఊళ్లోని మందుల షాపులో చూపించేది ఆ చీటీయే.